చర్మవ్యాధి శాస్త్రమునకు పునాది వేసిన హెబ్రా వైద్యుడు

దేహములోపల పుట్టు వ్యాధిని మనుష్యుడు కొంతకాలము దాచుకొనగలడు. గుండెయందలి జబ్బు గాని, కాలేయమందలి బాధ గాని, రోగి చెప్పిననే తప్ప పొరుగువానికి దెలియదు. చర్మమునకు వచ్చిన వ్యాధి యట్టిది కాదు. అది యందరి కన్నులయెదుట నుండును. దానివలని బాధకంటె దానివలని సిగ్గు పెద్దది. యోబు భక్తుడు బూడిదెలో గూర్చుండి చిల్లపెంకుతో నొడలు గోకికొనిన సంగతి మన బడిలోని చిన్నపిల్లలు సయితమెరుగుదురు. ఆయనను జూడవచ్చిన స్నేహితులు, పైకి గనబడు కురుపులకు లోపలి పాపమే కారణమై యుండవలెనని వాదించిరి. ఆ వాదము తప్పని ఆ గ్రంథమే చూపుచున్నది. అయినను మనుష్యులలో నా తలంపు వేల సంవత్సరములు నిలిచియుండెను. వైద్యులు సయితము పాపమను మాటకు బదులు చెడు రక్తమను మాటను బెట్టి, ఆ వాదమునే చేయుచుండిరి. కన్నులతో జూచి, చేతులతో దాకి, తన శరీరము మీదనే పరీక్షించి, ఆ వాదములో నెంతవరకు సత్యమున్నదో తేల్చిన వైద్యుడు ఫెర్డినాండు హెబ్రా. ఆయన చరిత్రను మన విద్యార్థులకు సంగ్రహముగా దెలుపుటకు బూనుకొంటిమి.

హెబ్రా 1816 సంవత్సరము సెప్టెంబరు 7వ తేదీన మొరావియా దేశములోని బ్రూన్ పట్టణమున జన్మించెను. ఆ దినములలో నది ఆస్ట్రియా సామ్రాజ్యములోనిది. నేడు చెక్ దేశములో బ్రునో యను పేరుతో నున్నది. వైద్యవిద్య నభ్యసించుటకై ఆయన సామ్రాజ్య రాజధానియగు వియన్నా నగరమునకు వచ్చి, 1841లో వైద్య పట్టమును బొందెను. వియన్నాలో జోసెఫు చక్రవర్తి 1784లో స్థాపించిన గొప్ప ధర్మాసుపత్రి యొకటి యుండెను. బీదలు, పనివాండ్రు, దిక్కులేనివారు వేలకొలది యచ్చటికి వచ్చుచుండిరి. యూరపు ఖండమందలి నలుమూలలనుండి విద్యార్థులును వచ్చుచుండిరి.

ఆ కాలమున నా యాసుపత్రిలో నిద్దరు మహా గురువు లుండిరి. ఒకరు రొకిటాన్‌స్కీ. ఆయన పని మరణించిన రోగుల దేహములను గోసి, వ్యాధివలన ఏ యవయవమున నెట్టి మార్పు గలిగెనో పరిశోధించుట. దీనినే పాథాలజీ యందురు. ఆయన తన జీవితకాలములో సుమారు 30,000 శవపరీక్షలు చేసెనని చెప్పుదురు. రెండవవారు స్కోడా. ఆయన బ్రదికియున్న రోగి రొమ్ము మీద వ్రేళ్లతో దట్టి, చెవియొగ్గి విని, లోపల నేమి జరుగుచున్నదో నిర్ణయించుటలో దిట్ట. స్కోడా రోగియొద్ద విన్నదానిని రొకిటాన్‌స్కీ శవపరీక్ష బల్లమీద సరిచూచుచుండెను. ఊహకు తావియ్యక, చూచినదానినే నమ్మవలెనను పట్టుదల వారిరువురి పాఠశాలకు లక్షణము. హెబ్రా వీరిచేతిక్రింద దరిఫీదు పొందెను.

స్కోడా యధీనమున ఛాతీరోగుల వార్డుతోగూడ చర్మరోగుల గదులును నుండెను. అవి యెవరికిని ఇష్టములేని గదులు. గజ్జి, తామర, కురుపులు, పుండ్లు గలిగిన కూలివాండ్రు, చేతిపనులవారి శిష్యులు, దేశదిమ్మరులు అచ్చట గుంపులుగా బడియుండిరి. దుర్వాసన విస్తారము, కీర్తి లేదు, ధనము లేదు. స్కోడాకు వానియందు శ్రద్ధ లేకపోయెను. కావున నా గదులను చూచుకొనుపని తన యువ సహాయకునికి అప్పగించెను. మరియొకడైనచో దానిని శిక్షగా భావించి, యెప్పుడు తప్పించుకొందునా యని యెదురుచూచియుండును. హెబ్రా యట్లు చేయలేదు. ఇతరులు రోతగా విడిచిన యా గదులలో తాను బ్రదికినంతకాలమును జేయదగిన పని యున్నదని కనుగొనెను. రోగి దేహమును గోయకయే, వ్యాధి పుట్టుటను, పెరుగుటను, మానుటను దినదినము కన్నులార చూడదగిన యవయవము చర్మమొక్కటియే. రొకిటాన్‌స్కీ మరణించినవారియందు వెదకుచున్నదానిని తాను జీవించియున్నవారియందే చూడవచ్చునని ఆయన గ్రహించెను.

ఆయన మొదట చేపట్టిన వ్యాధి గజ్జి. ఆ గదులలోని రోగులలో ననేకులు గజ్జివారే. గజ్జికి గారణము శరీరములోని దుష్టరసములనియు, రక్తము చెడి ఆ చెడుగు చర్మముగుండ బయటికి వచ్చుచున్నదనియు నప్పటి వైద్యులలో ననేకుల నమ్మకము. పైనున్న గజ్జిని త్వరగా మాన్పినయెడల లోపలి విషము గుండెకో ఊపిరితిత్తులకో ఎక్కి ప్రాణము దీయునని వారు భయపడిరి. అందుచేత రక్తము దీయుట, విరేచనములిచ్చుట, పథ్యము పెట్టుట మొదలగు చికిత్సలు నడచుచుండెను. మన పల్లెలలోను రక్తము చెడినదనియు, గజ్జిని లోపలికి బోనీయరాదనియు పెద్దలు చెప్పుట మనమెరుగనిది కాదు.

గజ్జిలో నొక చిన్న పురుగున్నదను సంగతి అప్పటికి క్రొత్తది కాదు. ఇటలీ దేశస్థుడగు బోనోమో 1687లోనే సూక్ష్మదర్శనితో దానిని జూచి వ్రాసియుండెను. అయినను వైద్యలోకము దానిని నమ్మలేదు. ఏలయనగా వెదకినవారిలో ననేకులు చీముపొక్కులలో వెదకిరి. పురుగు పొక్కులో నుండదు. చర్మముయొక్క పై పొరలో నది సొరంగమువంటి సన్నని దారి ద్రవ్వుకొని, ఆ దారి చివర నుండును. కోర్సికా ద్వీపమందలి పల్లెటూరి స్త్రీలు ఈ మర్మమెరిగి, సూదిమొనతో పురుగును దీయుచుండిరి. ఆ ద్వీపమునుండి పారిసు నగరమునకు వచ్చిన రెనూచ్చీ యను వైద్యవిద్యార్థి 1834లో ఆ పద్ధతినే పండితులయెదుట చేసి చూపెను. చదువురాని స్త్రీలకు తెలిసినది గ్రంథములు చదివినవారికి తెలియకపోవుట మనము మరువరాని సంగతి.

పురుగున్నదని యొప్పుకొన్న తరువాతను, అది వ్యాధికి గారణమా లేక చెడిన చర్మములో తరువాత వచ్చి చేరినదా యను ప్రశ్న మిగిలియుండెను. దీనిని దీర్చుటకు హెబ్రా తన దేహమునే పరీక్షాస్థలముగా జేసికొనెను. ఆరోగ్యవంతుడైన తన చర్మము మీదికి బుద్ధిపూర్వకముగా పురుగులను ఎక్కించుకొనెను. గజ్జి పట్టెను. పురుగులను జంపు మందును బూసికొనెను. గజ్జి మానెను. రక్తము దీయలేదు, పథ్యము చేయలేదు. లోపలికి విషమేమియు నెక్కలేదు. 1844లో తన పరిశోధనలను ఆయన ప్రకటించెను. గంధకము, సబ్బు, తారు మున్నగునవి చేర్చిన లేపనముచే రోగులను శీఘ్రముగా స్వస్థపరచి యిండ్లకు బంపసాగెను. దినకూలితో బ్రదుకువానికి ఆసుపత్రిలో గడుపు దినములు తగ్గుట యెంత మేలో వేరుగా చెప్పనక్కరలేదు.

నేటి శాస్త్రము ఈ సంగతిని మరింత వివరముగా నెరుగును. ఆడు పురుగు మిల్లీమీటరులో మూడవ వంతుకంటె గొంచెమెక్కువ పొడవుండును. చర్మములో గ్రుడ్లు పెట్టును. మూడు నాలుగు దినములలో పిల్లలు వెలువడును. మొదటిసారి సోకినవానికి నాలుగు మొదలు ఆరు వారములవరకు దురద తెలియదు. ఈలోపల వాడు తెలియకయే తన ప్రక్కనున్నవారికి అంటించును. ఇంటిలో నొక్కనికే మందు పూసినచో వ్యాధి పోవక మరల వచ్చుటకు గారణమిదియే.

గజ్జి విషయమున జయము పొందిన హెబ్రా అంతతో నాగలేదు. ఇతర చర్మవ్యాధుల స్థితి ఎట్లుండెనో చూడుడు. వాని పేర్లు వందలకొలది. పొక్కు కనబడిన నొక పేరు, పొలుసు కనబడిన నొక పేరు, దద్దురు కనబడిన నొక పేరు. ఒకే వ్యాధి వారమునకొక రూపము దాల్చినచో దానికి మూడు నాలుగు పేర్లు వచ్చుచుండెను. చెట్టు చిగిర్చినప్పుడొక పేరును, పూచినప్పుడొక పేరును, కాచినప్పుడొక పేరును బెట్టినట్లుండెను. హెబ్రా తన గురువు రొకిటాన్‌స్కీ చూపిన మార్గమునుబట్టి, పైరూపమునకు గాక, చర్మములోపల జరిగిన మార్పునకు ప్రాధాన్యమిచ్చెను. రక్తము ఎక్కువగా చేరినదా, తక్కువైనదా? రసము ఊరి వాపు పుట్టినదా? పొర దట్టమైనదా, క్షీణించినదా? క్రొత్త కండ పెరిగినదా. అది నిరపాయమైనదా, ప్రాణాపాయకరమైనదా? పురుగుగాని బూజుగాని చేరినదా? ఇట్టి ప్రశ్నలు వేసికొని, 1845లో చర్మవ్యాధులన్నిటిని 12 తరగతులుగా విభజించి ప్రకటించెను. అప్పటికి ఆయన వయస్సు ముప్పది సంవత్సరములైనను నిండలేదు. తరువాత వచ్చిన శాస్త్రజ్ఞులు ఆ తరగతులను మార్చిరి గాని, పైకి గనబడు మచ్చనుండి లోపలి మార్పునకు పోవలెనను పద్ధతిని మాత్రము విడువలేదు. నేడు వైద్యుడు రోగి చర్మమునుండి చిన్న ముక్కను దీసి, పలుచని పొరగా గోసి, రంగువేసి, సూక్ష్మదర్శనిక్రింద జూచి వ్యాధిని నిర్ణయించుట ఆ పద్ధతియొక్క ఫలమే.

తన సిద్ధాంతమును ఆయన పరీక్షలచే బలపరచెను. క్రోటను నూనెవంటి తీక్ష్ణమైన పదార్థములను ఆరోగ్యమైన చర్మముమీద పూసి, ఎరుపు, పొక్కులు, రసికారుట, పెచ్చుకట్టుట యను తామర లక్షణములన్నియు వరుసగా పుట్టునని చూపెను. ఇవి నాలుగు వ్యాధులు గావు, ఒకే వ్యాధియొక్క నాలుగు దశలని దీనివలన తేలెను. రక్తము చెడకయే చర్మము చెడవచ్చునని కూడ తేలెను.

1849లో ఆయన వియన్నా విశ్వవిద్యాలయమున ఉపాచార్యుడయ్యెను. ఆయన పాఠములకు దేశదేశములనుండి వైద్యులు వచ్చుచుండిరి. పాఠము పుస్తకముతో గాక రోగితో మొదలగుచుండెను. రోగిని వివరములడుగకమునుపే చర్మమును మాత్రమే చూచి, వ్యాధి యెప్పుడు మొదలైనదో, రోగి యే వృత్తివాడో చెప్పుటకు ఆయన శిష్యులకు నేర్పుచుండెను. దర్జీవాని వ్రేళ్లు, చాకలిదాని చేతులు, ఇటుకలు మోయువాని భుజములు తమ వృత్తిని తామే చెప్పునుగదా! ఆయన హాస్యప్రియుడు, సరళముగా మాటలాడువాడు. అందుచే విద్యార్థులకు ఆయనయందు మిక్కిలి ప్రేమ.

దూరదేశములలోని వైద్యులు వియన్నాకు రాజాలరు. వారికొరకు చర్మవ్యాధుల చిత్రపటములు గల గొప్ప గ్రంథమును 1856 మొదలు 1876 వరకు ఇరువది సంవత్సరములు భాగములుగా ప్రకటించెను. ఎల్ఫింగరు, హైట్జ్‌మన్ అను ఇద్దరు ఆ చిత్రములను వ్రాసిరి. వారిరువురును వైద్యులే, కావున కంటికి గనబడినదానిని హెచ్చుతగ్గులు లేక వ్రాసిరి. ఇదిగాక చర్మవ్యాధులమీద ఆయన 1860లో ప్రకటింప నారంభించిన పాఠ్యగ్రంథము ఇంగ్లీషు భాషలోనికి గూడ వచ్చెను. ఒడలంతయు కాలినవారికిని, చర్మమంతయు బొబ్బలెక్కి పరుపుమీద పండుకొనజాలనివారికిని ఆయన నీటి పడకను ఏర్పాటు చేసెను. గోరువెచ్చని నీటితొట్టెలో రోగిని రాత్రింబగళ్లు దినములకొలది పండుకొనబెట్టుట దాని విధానము. 1861లో దీనినిగూర్చి వ్రాసెను. వ్యాధిని వర్గీకరించుటయే గాక, బాధను దగ్గించుటయు ఆయనకు ముఖ్యమే.

ఇక నాయన స్నేహధర్మమును జూపు సంగతి యొకటి చెప్పవలసియున్నది. అది మొదట సంతోషకరము, చివరకు దుఃఖకరము. అదే యాసుపత్రిలో సెమ్మెల్‌వైస్ అను హంగేరీ దేశపు యువ వైద్యుడు పురుళ్ల వార్డులో పనిచేయుచుండెను. అచ్చట రెండు వార్డులుండెను. వైద్యవిద్యార్థులు పనిచేయు మొదటి వార్డులో 1846లో నూటికి 11 మంది తల్లులు బాలెంతజ్వరముచే మరణించిరి. మంత్రసానులు పనిచేయు రెండవ వార్డులో నూటికి ముగ్గురైనను మరణింపలేదు. 1847లో కొలెట్ష్కా యను వైద్యుడు శవపరీక్షలో కత్తిగాటు తగిలి మరణింపగా, ఆయన దేహములోని లక్షణములు ఆ తల్లుల లక్షణములవలెనే యున్నవని సెమ్మెల్‌వైస్ గ్రహించెను. శవములను దాకిన చేతులతోనే విద్యార్థులు ప్రసవస్త్రీలను దాకుచున్నారు! ఆయన క్లోరిను చేర్చిన సున్నపునీటితో అందరు చేతులు కడుగుకొనవలెనని కట్టడచేసెను. 1848 నాటికి మొదటి వార్డులో మరణములు నూటికి ఒకటికి దిగెను.

తమ చేతులే తల్లులను జంపినవని యొప్పుకొనుటకు పెద్ద వైద్యులకు మనసొప్పలేదు. సెమ్మెల్‌వైస్ వ్రాయుటకు వెనుకాడువాడు. అప్పుడు హెబ్రా ముందుకు వచ్చెను. వియన్నా వైద్యసంఘపు పత్రికకు తాను సంపాదకుడు గనుక, 1847 డిసెంబరులోను, మరల 1848 ఏప్రిలులోను ఆ పరిశోధనను లోకమునకు దెలియజేసెను. జెన్నరు మశూచికమునకు టీకా కనుగొనుట యెంతటిదో యిదియు నంతటిదని కొనియాడెను. తనది కాని కీర్తిని తానపహరింపక, స్నేహితుని సత్యమునకు తన పత్రికను, తన పేరును ఒడ్డెను. స్కోడా, రొకిటాన్‌స్కీలును సెమ్మెల్‌వైస్ పక్షముననే నిలిచిరి. అయినను పైయధికారులు ఆయన ఉద్యోగమును పొడిగింపలేదు. ఆయన 1850లో మనసు విరిగి, చెప్పకయే వియన్నా విడిచి స్వదేశమునకు వెడలిపోయెను.

పదునైదు సంవత్సరములు గడచెను. సెమ్మెల్‌వైస్ బుద్ధి చలించినట్లు కనబడసాగెను. 1865 జూలై నెల చివర ఆయన భార్య ఆయనను వియన్నాకు తోడుకొనివచ్చెను. రైలు స్టేషనులో వారిని కలిసికొన్నవాడు హెబ్రా. క్రొత్త వైద్యశాలను చూపెదనని నెపముచెప్పి, ఆయన సెమ్మెల్‌వైస్‌ను పిచ్చివారి యాసుపత్రికి దీసికొనిపోయి అచ్చట విడిచెను. సంగతి తెలిసికొని బయటికి పోజూచిన సెమ్మెల్‌వైస్‌ను అచ్చటి కావలివాండ్రు కొట్టి బంధించిరి. రెండు వారములలో, ఆగస్టు 13వ తేదీన, గాయములు చీముపట్టి, విషము రక్తమునకెక్కి ఆయన మరణించెను. ఏ వ్యాధినుండి తల్లులను రక్షించెనో ఆ జాతి వ్యాధితోనే ఆయన ప్రాణము పోయెను. ఆయన వయస్సు 47 సంవత్సరములు.

చరిత్ర వ్రాయువాడు ఈ సంగతిని దాచిపెట్టిన అసత్యమాడినవాడగును. హెబ్రా చేసినది స్నేహితుని మేలుకోరియే. కుటుంబమువారు కోరిరి, వైద్యులు వ్రాసియిచ్చిరి. అయినను ఎవడు తన స్నేహితుని సత్యమును లోకమునకు నిర్భయముగా చాటెనో వాడే యా స్నేహితునికి చివరి దినమున సత్యము చెప్పలేకపోయెను. మంచివారు సయితము మంచి తలంపుతో చేయు పనులలో ఎంత జాగ్రత్తగా నుండవలెనో దీనివలన మనము నేర్చుకొనవలెను.

శాస్త్రవిషయమునను ఆయనకు లోపములు లేకపోలేదు. దుష్టరస సిద్ధాంతముమీద తిరుగబడిన వేగములో, చర్మవ్యాధులన్నిటికి చర్మమే మూలమను పక్షమునకు ఆయన మిక్కిలి మొగ్గెను. మధుమేహము మొదలగు లోపలి వ్యాధులు చర్మముమీద గురుతులు చూపునని నేడెరుగుదుము. ఆయన 1870లో వర్ణించిన ముక్కు వ్యాధి యొకటి కంతివంటి పెరుగుదలయని తలచెను. అది సూక్ష్మజీవివలన గలుగునదని ఆయన మరణానంతరము 1882లో తేలెను. తప్పు దిద్దినవారు ఆయన నేర్పిన సూక్ష్మదర్శనితోనే దానిని దిద్దిరి.

1869లో ఆయన పూర్ణాచార్యుడయ్యెను. ఆ సంవత్సరమే ఆయన కుమార్తెను ఆయన శిష్యుడు వివాహమాడెను. ఆ శిష్యుడే తరువాత మొరిజ్ కపోసీ యను పేరుతో ప్రసిద్ధికెక్కెను. 1872లో ఆయన వర్ణించిన ఒక విధమైన చర్మపు కంతి నేటికిని ఆయన పేరుతోనే పిలువబడుచున్నది. మామగారి గ్రంథమును ముగించినవాడును, ఆయన పీఠమునెక్కినవాడును ఆయనయే. హెబ్రా కుమారుడు హాన్సును చర్మవైద్యుడే యయ్యెను. 1877లో ప్రభుత్వమువారు హెబ్రాకు వీరబిరుదము నొసంగిరి. 1880 ఆగస్టు 5వ తేదీన, అరువదినాలుగవయేట, ఆయన వియన్నాలో పరమపదించెను. ఎవరికిని ఇష్టములేని గదులు ఆయన చేతులలో లోకమంతటి వైద్యులకు పాఠశాలయై యుండెను.

ప్రియ విద్యార్థులారా! గజ్జి నేటికిని లోకమునుండి పోలేదు. ఏ సమయమునందైనను 20 కోట్లమంది దానితో బాధపడుచున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థవారి అంచనా. 2017లో ఆ సంస్థవారు దానిని నిర్లక్ష్యము చేయబడిన వ్యాధుల పట్టికలో చేర్చిరి. వసతిగృహములలో ఒకే చాపమీద పండుకొను పిల్లలకు అది సులభముగా నంటును. కావున మీలో నెవరికైనను వ్రేళ్లసందులలోను మణికట్టులయందును దురద పుట్టి, రాత్రులందు హెచ్చినయెడల దాచకుడు. వెంటనే మీ అధ్యాపకునికో వైద్యునికో చెప్పుడు. ఆ గదిలోని వారందరు ఒకే దినమున మందు పూసికొనవలెను. బట్టలను, దుప్పట్లను వేడినీటిలో ఉతికి యెండవేయవలెను. తలిదండ్రులారా! అది రక్తదోషము కాదు, వంశదోషము కాదు, పాపఫలము కాదు. మిల్లీమీటరైనను లేని పురుగు. దానికి మందున్నది.

అట్టి రోగముగల తోటివానిని చూచి నవ్వి తొలగిపోవుట సులభము. మన ప్రభువు తొలగిపోక, చేయిచాపి కుష్ఠరోగిని ముట్టెను. హెబ్రా పండితుడు ఇతరులు తొలగిపోయిన గదిలో ప్రవేశించి, వారి వ్యాధిని తన చర్మముమీదనే ధరించి, దాని మర్మము దెలిసికొనెను. మీకు రేపు లభించు పని గొప్పదైనను కాకపోయినను, ఎవరికిని అక్కరలేని గది యొకటి మీకు ఒప్పగింపబడినచో, దానిలో మీరేమి చూడగలరో మొదట చూడుడు.